వేదాద్రి రాతిలో పాత పొంగు

జగ్గయ్యపేట, నందిగామ మెట్ట ప్రాంతంలో వేదాద్రి, పోచంపల్లి, తిరుమలగిరి, రామన్నపేటల దగ్గర లాంప్రోయిట్ అనే అరుదైన అగ్నిశిల ఉంది. శాస్త్రవేత్తలు ఇక్కడి శిలలను కృష్ణా లాంప్రోయిట్లు అంటారు. రామన్నపేట శిల వయసు దాదాపు 122 కోట్ల ఏళ్ళు. లాంప్రోయిట్ అన్నది గ్రీకులో మెరుపును తెలిపే మాట నుంచి వచ్చిన పేరు. రాతిలోని అభ్రకపు రేకులదే ఆ మెరుపు. ఇదే ప్రాంతంలోని ముక్త్యాల వైపు రాయి అనగానే గుర్తొచ్చేది సున్నపురాయి. జగ్గయ్యపేట స్తూపాన్ని అలంకరించిందీ, ఇప్పటి సిమెంటు ఫ్యాక్టరీలకు ఆధారమైనదీ అదే. సున్నపురాయి నీటి అడుగున నెమ్మదిగా పేరుకున్నది. లాంప్రోయిట్ అలా కాదు, భూమి లోతుల్లోంచి తన్నుకొచ్చింది.

ఆ లోతు నూరు కిలోమీటర్లకు మించినది. అక్కడ రాయి మొత్తం కరగదు, కొద్ది భాగమే ద్రవమవుతుంది. నీరు, బొగ్గుపులుసు వాయువు ఉన్నచోట ఆ కరగడం సులువు. చుట్టూ ఉన్న రాతికన్నా తేలిక కాబట్టి శిలాద్రవం పగుళ్ళు చేసుకుంటూ పైకి ఎక్కుతుంది. లోతున ఒత్తిడి ఎక్కువగా ఉన్నంతసేపూ వాయువులు ద్రవంలోనే కరిగి ఉంటాయి. పైకి వచ్చేకొద్దీ ఒత్తిడి తగ్గి బుడగలు విడివడతాయి. గోలీ సోడా కొట్టినప్పుడు జరిగేదీ ఇదే: గోలీ లోపలికి దిగేదాకా సీసాలో నీరు నిశ్చలంగా ఉంటుంది, దిగగానే బుసబుసా పొంగుతుంది. బుడగలు పుట్టాక శిలాద్రవం ఇంకా తేలికై మరింత వేగంగా ఎక్కుతుంది. ఎక్కినకొద్దీ ఒత్తిడి పడిపోయి మరిన్ని బుడగలు పుడతాయి. చివరికి బుడగల మధ్య పలచని పొరలు చిట్లి, అంతవరకు ద్రవంలో ఉన్న వాయువే ద్రవపు తునకలను ఎగరేసుకుపోతుంది. విస్ఫోటనమంటే అదే. 1883లో క్రకటోవా అగ్నిపర్వతం వంటి చోట్ల శిలాద్రవపు జిగురు బుడగలను బిగబట్టి పేలుడును పెంచింది. లాంప్రోయిట్‌కు అంత జిగురు లేదు. దాని బలమంతా వాయువులోనూ, దారిలో తగిలి క్షణంలో ఆవిరయ్యే భూగర్భ జలంలోనూ ఉంది.

ఇలాంటి పేలుళ్ళు నేలలో వెడల్పు మూతి గరాటు లాంటి బిలాలను తవ్వుతాయి. ప్రతి పొంగూ నేల దాకా రాదు, కొన్ని మధ్యలోనే చల్లబడి గడ్డకడతాయి. జగ్గయ్యపేట పరిసరాల్లో నేడు కనిపించేవి ఎక్కువగా డైకులు, అంటే పగుళ్ళలో గోడల్లా గట్టిపడ్డ శిలలు. అప్పటి పైనేల కోట్ల ఏళ్ళ ఎండకూ వానకూ అరిగిపోయింది.

ఈ రకం శిలకు చరిత్రలో చోటు దక్కింది వజ్రం వల్ల. వజ్రం నిలకడగా ఉండాలంటే సుమారు 150 కిలోమీటర్ల లోతులో ఉండే ఒత్తిడి కావాలి. అది చెడకుండా పైకి రావాలంటే మోసుకొచ్చే ద్రవం వేగంగా రావాలి. పరిటాల, గుడిమెట్ల, కృష్ణా నది ఆవలి ఒడ్డున కొల్లూరు గనుల్లో వజ్రాలు దొరికింది మాత్రం నది పేర్చిన గులకరాళ్ళలో. 17వ శతాబ్దంలో కొల్లూరుకు వచ్చిన ఫ్రెంచి వర్తకుడు తవెర్నియే అక్కడ 60,000 మంది పని చేస్తున్నారని రాశాడు. మగవాళ్ళు తవ్వేవారు, ఆడవాళ్ళూ పిల్లలూ మట్టి మోసేవారు. నీటి ఊట తగలగానే తవ్వకం ఆపేవారు. మట్టిని గోడకట్టు మడుల్లో నానబెట్టి, బురద వదిలించి, ఎండబెట్టి, ధాన్యం చెరిగినట్టు చెరిగేవారు. కళ్ళంలో నేర్చిన పని గనిలోనూ పనికొచ్చిందన్నమాట. 'గని' అన్న తెలుగు మాటనే అతడు ఆ చోటి పేరుగా రాసుకున్నాడు.

వజ్రపు తల్లిరాయి ఏదో తేలింది 1870 తర్వాతే, దక్షిణాఫ్రికాలోని కింబర్లీలో. దాని పేరు మీదే ఆ శిల కింబర్లైట్ అయింది. అనంతపురం జిల్లా వజ్రకరూరులో ఉన్నదీ అదే. 1979లో పశ్చిమ ఆస్ట్రేలియాలో బయటపడ్డ ఆర్గైల్ గని లాంప్రోయిట్ కూడా వజ్రాలకు గొప్ప నెలవు కాగలదని చాటింది. దాంతో కృష్ణా లాంప్రోయిట్ల మీద ఆసక్తి సహజంగానే పెరిగింది. అయినా కొల్లూరు వజ్రాలను వేదాద్రి శిలకు ముడిపెట్టడం తొందరపాటే. నది ఇప్పుడు పారే తీరులో కొల్లూరు ఎగువన, వేదాద్రి దిగువన ఉన్నాయి.

కొల్లూరు పాత గుంతలు ఇప్పుడు ముక్త్యాలకు ఎగువన కట్టిన పులిచింతల జలాశయంలో మునిగి ఉన్నాయి. గుడిమెట్ల వైపు మాత్రం తొలకరి వాన వెలిసిన తెల్లవారి జనం ఇంకా చేలల్లో వంగి రాళ్ళు ఏరుతుంటారు.