సంక్రాంతి విస్తరి - పాత రుచులు, కొత్త రుచులు

సంక్రాంతి దినములలో ఇంట ఏమి వండుకొందురని అడిగినచో తెలుగువారిలో ఒక్కొక్క సీమవారు ఒక్కొక్క పేరు చెప్పుదురు. కోస్తా జిల్లాలవారు అరిసెలు, చక్కిలాలు, గుమ్మడికాయ పులుసు అందురు. తెలంగాణమువారు సకినాలు లేనిదే పండుగ రాలేదందురు. రాయలసీమలో భోగినాడు నువ్వులద్దిన సజ్జరొట్టెలు కాల్చి గుమ్మడికాయ కూరతో తినుట వాడుక. కనుమనాడు మినుము కొరకవలెనను మాట ఉన్నది గనుక ఆనాడు గారెలు తప్పవు. మాంసము తినువారి ఇండ్లలో ఆ గారెలకు కోడికూర తోడగును. ఈ వంటలు ఎప్పటివని అడిగినచో మాత్రము అన్ని సీమలవారి సమాధానము ఒక్కటే. తాతముత్తాతల నాటినుండి ఇంతేనట! ఆ మాటలో నిజమెంతయో కొంచెము విచారింతము.

ముందుగా గుమ్మడికాయను చూతము. ధనుర్మాసమంతయు గొబ్బెమ్మల తలపై గుమ్మడిపూవు నిలిపెదము. పండుగనాడు గుమ్మడికాయను దానమిచ్చువారు నేటికిని ఉన్నారు. ఇంతటి ఆచారము అల్లుకొన్న ఈ తియ్యగుమ్మడి మన నేలపై పుట్టినది కాదు, అమెరికా ఖండపు తీగ. 1498లో వాస్కో డ గామా కాలికట్టు చేరిన పిమ్మట, పోర్చుగీసువారి రాకపోకల వెంట ఆ ఖండపు పంటలు ఒక్కటొక్కటిగా మన దేశము చేరినవి. పులుసులో గుమ్మడి పక్కన పడు చిలగడదుంప, రాయలసీమవారి గెణుసుగడ్డ, అదియు అచ్చటిదే. ఉండలు చుట్టుకొను వేరుసెనగయు అచ్చటిదే. బూడిదగుమ్మడి మాత్రము ఆసియా ఖండపుదే. దిష్టి తగులకుండ ఇంటిముందు వ్రేలాడదీయునది అదియే గనుక, కాపలాకు పాతకాపును నిలిపి విందుకు కొత్తచుట్టమును పిలుచుకొన్నామన్న మాట.

మిరప సంగతి ఇంకను చిత్రము. కృష్ణదేవరాయలు 1509 మొదలు 1529 వరకు రాజ్యమేలెను. ఆయన రచించిన ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు తన ఇంటికి వచ్చిన వైష్ణవులకు కాలమునకు తగిన భోజనము పెట్టుచుండును. వానకాలపు విస్తరి వేరు, ఎండకాలపు విస్తరి వేరు, చలికాలపు విస్తరి వేరు. చలికాలమున ఆయన వడ్డించినవి కమ్మని వాసనగల కొత్తబియ్యపు అన్నము, ముక్కు అదరునట్లు ఆవ పెట్టిన పచ్చళ్ళు, పాయసము, వేడినేయి, పాలు. కూరలకు కారమిచ్చినది మిరియపు పొడి. ఎండుమిరపకాయ ప్రసక్తి అందులో లేదు. ఆ భోజనమున అన్నము, నేయి, ఆవపచ్చడి మనము ఎరిగినవే. కారము మాత్రము వేరు. మిరప అను పేరే మిరియముతో చుట్టరికము చెప్పుచున్నది. తరువాతి కాలమున ఆ కొత్త కాయ మన పొలములలో ఎంతగా పాతుకొన్నదనగా, నేడు కారమన్నచో గుంటూరు పేరు చెప్పనివారు లేరు.

ఇక నిజముగా పాతవి ఏవి? నువ్వులు పాతవి. సింధునాగరికతకు చెందిన హరప్పాలో మాడిన నువ్వుగింజలు దొరకినవి. మినుము ఈ దేశముననే పంటగా మారినది. కల్యాణి చాళుక్యరాజైన మూడవ సోమేశ్వరుడు పన్నెండవ శతాబ్దిలో కూర్చిన మానసోల్లాసములో మన గారెవంటి వంటకము కలదు. అరిసెకును పాతదనము కలదు. తమిళులు అదిరసమనునది దీని తోబుట్టువే. తిరుమల దేవాలయ శాసనములలో విజయనగరకాలపు నైవేద్యముల లెక్కలు చూచినవారికి అతిరసపడి, అప్పపడి, వడపడి, మనోహరపడి అను పేర్లు కనబడును. భక్తులు ధనమో భూమియో సమర్పించి, ఫలానా పర్వమున ఇన్ని పడుల నైవేద్యము జరుగవలెననియు, ప్రసాదములో తమకింత భాగము రావలెననియు రాళ్ళపై చెక్కించుకొనిరి. పిండివంటలో వాటాను శాసనమెక్కించుట మనకు నేడు వింతగా తోచవచ్చును. వారికది ఆస్తి.

అయితే అరిసెకైనను సకినమునకైనను మూలము బియ్యమే. ఈ వంటల చరిత్రలో మిరపకంటెను గుమ్మడికంటెను బియ్యపు కథయే మాకు ముఖ్యముగా తోచుచున్నది. బియ్యము ఎవరికి దొరకినది?

బళ్ళారి చేరువనున్న సంగనకల్లు మొదలగు కొత్తరాతియుగపు ఊళ్ళలో నాలుగువేల ఏండ్లనాటి గింజలు బయటపడినవి. అవి ముఖ్యముగా అండుకొర్రవంటి చిరుధాన్యములు, ఉలవలు, పెసలు. వరి దక్కనునందు అంతకు చాల తరువాత వచ్చినది. జొన్నయు సజ్జయు ఆఫ్రికానుండి వచ్చినవే అయినను, వచ్చి మూడువేల ఏండ్లు దాటినది గనుక వానిని ఇంటివారిగనే ఎంచవలెను. మెట్టసీమలను పోషించినవి ఇవియే. శ్రీనాథుని పేర వ్యాపించిన చాటువులలో పల్నాటి జొన్నకూటిపై ఎత్తిపొడుపులు వినని తెలుగువాడు అరుదు. సన్నబియ్యమునకు అలవాటుపడిన కవికి ఆ కూడు రుచింపలేదు. దానినే తిని కష్టించినవారి మాట ఆ పద్యములలో లేదు.

డెల్టాలో మాత్రము అందరును బియ్యము తినిరా అన్నచో, అదియు కాదు. ఏరు పొంగిననాడు వరద, పొంగనినాడు కరవు. 1832-33లో, నందన సంవత్సరమున, గుంటూరుసీమను పట్టిన కరవును డొక్కల కరువని జనులు చెప్పుకొనిరి. ఆ జిల్లాలోని ఐదు లక్షల జనములో లక్షన్నరమందికి తక్కువ గాకుండ మరణించిరి. కృష్ణ ఆ సీమ అంచునుండియే సముద్రమునకు పోవుచుండెను. ఆర్థర్ కాటన్ దొర పర్యవేక్షణమున ధవళేశ్వరము ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తియైనది. బెజవాడ ఆనకట్ట 1855లో ముగిసినది. కాలువలు పారిన తరువాతనే గోదావరి, కృష్ణ, గుంటూరు మాగాణములలో ఏటేట నమ్మదగిన వరిపంట నిలిచి, సంక్రాంతికి గాదెలు నిండినవి. నేడు సంక్రాంతి అనగానే మన కనులకు కట్టు కోనసీమ పండుగ, ఆ నిండుగాదెల పండుగ, ఈ కాలువలతో పెరిగినదే.

నిండిన గాదెనుండి ఎవరికెంత చేరినదనునది వేరు ప్రశ్న. కళ్ళములో రాశి కొలుచునప్పుడు వడ్రంగికి, కమ్మరికి, కుమ్మరికి, చాకలికి, మంగలికి మేర కొలిచి ఇచ్చెడివారు. పండుగనాడు హరిదాసు తలపైనున్న అక్షయపాత్రలో దోసెడు బియ్యము, గంగిరెద్దులవానికి పాతబట్ట, చాకలి గిన్నెలో అన్నము, పిండివంట పడెడివి. ఇది చూచి మన పెద్దలు పల్లెల దాతృత్వమును కొనియాడుదురు. మాకు మాత్రము దానిలో సగము దానము కాదు, చేసిన పనికి రావలసిన కూలి అని తోచును. పొలములో కోతకోసిన మాలమాదిగ కూలీలకు అరిసెలు అందినవి, కాని అందినచోటు పెరటివాకిలి. పంచుకొని తినుటకును పెట్టించుకొని తినుటకును గల భేదము ఆ వాకిట నిలిచినవారికే తెలియును.

అరిసెల పొయ్యివద్ద మాత్రము నిజమైన పొత్తు ఉండెడిది. రాత్రి నానిన బియ్యమును నీరోడ్చి తడి ఆరకమునుపే దంచవలెను. పాకము ముదిరిన అరిసె రాయి యగును, లేతదైన నేతిలో విడిపోవును. ఒకరు పాకము చూడగా, ఒకరు పిండి పోయగా, ఒకరు కలియబెట్టగా, వేగినదానిని మరియొకరు రెండు చెక్కల నడుమ నొక్కి నేయి తీయవలెను. ఒంటిచేత కాని పని గనుక, నేడు మా ఇంట, రేపు మీ ఇంట అని వాడలోని స్త్రీలు వంతులు వేసుకొనిరి. పిండి ఆడించు మర వచ్చిన తరువాత దంపుడు తగ్గినది, పట్టణములలో మిఠాయి అంగడి వచ్చిన తరువాత వంతులును తగ్గినవి. దంపుడు పోయినందుకు రోకలి పట్టినవారెవ్వరును చింతింపరు.

1983లో నందమూరి తారక రామారావు ప్రభుత్వము కిలో రెండు రూపాయల బియ్యము పథకమును మొదలుపెట్టగా, మెట్టసీమల బీదల ఇండ్లలోను బియ్యము దినదిన భోజనమైనది. అంతకుముందు అనంతపురము, కర్నూలు పల్లెలలో ఎందరికో ప్రతిదినమును జొన్నసంకటియో సజ్జరొట్టెయో ఆహారముగానుండి, వరియన్నము పండుగనాడు మాత్రమే వండెడి అపురూప వస్తువుగా ఉండెడిది. ఇప్పుడు అవే ఇండ్లలో ఏడాది పొడవున వరియన్నము ఉడుకుచున్నది. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించి సజ్జను, కొర్రను పొగడునాటికి, అక్కడి తల్లులలో పలువురు సజ్జపిండిని డబ్బాలోనుండి తీయునది సంవత్సరమున కొన్ని దినములే. భోగి వేకువన మాత్రము పెనము పొయ్యిమీదికెక్కును. పిండిని అరచేత తట్టి, పైన నువ్వులద్ది కాల్చుచుండగా, మనుమలు ఆ రొట్టెకై పొయ్యిచుట్టు చేరుదురు. ఒకనాటి నిత్యపు కూడు వారికి ఇప్పుడు పండుగ వంట.