కార్మిక బీమా చట్టము – మహారాష్ట్రమందలి తెలుగు నేతవారు

బొంబాయి మిల్లులలో మగ్గములు నడపిన మన పద్మశాలీల చరిత్ర వ్రాయువారు జీతములను, సమ్మెలను, కులసంఘములను పేర్కొందురు. రోగము వచ్చినపుడు వారు ఎవరి గడప తొక్కిరో వ్రాయుట అరుదు. ఆ ప్రశ్న 1948 నాటి కార్మిక రాజ్య బీమా చట్టముతో ముడివడియున్నది. బీమా మనకు పారసీకమునుండి వచ్చిన మాట. ఆ భాషలో 'బీమ్' అనగా భయము. పేరు తగినదే.

ఇట్టి ఏర్పాటు ఇంగ్లండున 1911లోనే చట్టమయ్యెను. లాయిడ్ జార్జి తెచ్చిన జాతీయ బీమా చట్టము ప్రకారము పురుష కార్మికుడు వారమునకు 4 పెన్నీలు, యజమాని 3, ప్రభుత్వము 2 చెల్లించిరి. తమ స్వాతంత్ర్యము పోవునని వైద్యులు మొదట తీవ్రముగా నెదిరించిరి. 1913 జనవరిలో వైద్యసహాయము మొదలగునప్పటికి వారే వేలకొలదిగా పట్టికలో చేరిరి. ఏలయన, తలకింతయని ఏటేటా సొమ్ము వచ్చుచుండగా పేదలపేటలోని వైద్యునకు నిలుకడైన రాబడి కలిగెను. ప్రైవేటు వైద్యము చావలేదు. దానికి కొత్త ఊపిరి వచ్చినది. కార్మికుని ఆలుబిడ్డలు మాత్రము ఎప్పటివలెనే రుసుము చెల్లించుకొనిరి.

మనదేశమున ఆచార్య అడార్కరు 1944లో నివేదిక సమర్పించెను. 1952 ఫిబ్రవరి 24న కాన్పూరు, ఢిల్లీలలో పథకము ఆరంభమై, 1954లో బొంబాయికి వచ్చెను. కొన్ని రాష్ట్రములు ప్రభుత్వ వైద్యశాలలను తెరువగా, బొంబాయి ఇంగ్లండువలె ప్రైవేటు వైద్యులనే పట్టికలో చేర్చుకొనెను. వైద్యుడు తన దుకాణమునందే కూర్చుండి, రుసుమిచ్చు రోగులతోపాటు బీమా రోగులను కూడ చూచెను. కార్మికుడు పట్టికలోని వైద్యుని తానే ఎన్నుకొనవచ్చును. మరాఠీ సరిగా రాని మనవానికి ఇది స్వల్పవిషయము కాదు. తన బాధను తన మాటలలో చెప్పుకొనగల చోటును వెదకుకొను వీలు కలిగెను. 1958 నుండి కుటుంబములకును క్రమముగా ఈ సౌకర్యము విస్తరించెను.

అయినను ఈ హక్కు మనిషిది కాదు, ఉద్యోగముది. 1982 జనవరి 18న మొదలైన మిల్లుసమ్మె తరువాత వేలాదిమందికి పని పోగా, బీమా వైద్యమును పోయినది. నిన్న చీటీ చూపిన దుకాణముననే నేడు రూపాయలు చూపవలసివచ్చెను. భివండి మరమగ్గములకు తరలినవారికిని, షోలాపురములో చిన్నశాలలు నడపువారికిని చట్టము అందుట కష్టమయ్యెను. యంత్రశక్తితో నడచు కర్మాగారమున మొదట 20 మంది ఉండవలెను. 1989 సవరణతో అది 10 అయ్యెను. నాలుగు మగ్గముల కొట్టము ఆ లెక్కకు రాదు.

షోలాపురములో మగవాడు మగ్గముమీద ఉండగా ఆడువారు ఇంట బీడీలు చుట్టిరి. ఆమెకు కర్మాగారమే లేదు. 1976లో బీడీ కార్మికుల సంక్షేమనిధి చట్టము వచ్చి, బీడీలపై పన్నుతో వేరుగా వైద్యశాలలు ఏర్పడెను. ఒకే కప్పుక్రింద భర్తకు ఒక చట్టము, భార్యకు మరియొకటి. మగ్గపుశాల చిన్నదైనచో అతనికి ఏదియును లేదు, వీధిచివరి వైద్యుడే దిక్కు.