మెట్టకు మిగిలిన ఆకలి

కరువును దైవశాపమని సరిపెట్టుకొనే చరిత్రను నేనంగీకరించను. 1832-33 డొక్కల కరువులో వాన లేకపోవడం నిజమే. కాని నది అవతల గుంటూరు జిల్లాలో అయిదు లక్షల జనంలో సుమారు రెండు లక్షలమంది చనిపోయారంటే, కుంపిణీ శిస్తుకు బాధ్యత లేదా?

ఆ తర్వాత, 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయింది. నీరు పల్లానికి పారింది. ఎగువనున్న నందిగామ, జగ్గయ్యపేట మెట్టలు వానకే మిగిలాయి. 1967లో నాగార్జునసాగర్ ఎడమ కాలువకు నీరు వదిలారు. అయితే యీ తాలూకాలు కాలువ చివర వున్నాయి. పైవారికి పోగా మిగిలితేనే వీరికి నీరు.

ఇప్పుడు వాన వరసే తప్పుతున్నది. 2023 ఆగస్టులో దేశమంతటా 1901 తర్వాత ఏ ఆగస్టులోనూ లేనంత తక్కువ వర్షం. మరుసటి యేడు ఆగస్టు చివర కుండపోత. మునేరు పొంగి పొలాలను ముంచింది. వేడెక్కిన గాలి ఎక్కువ తేమను పట్టి ఒక్కమారుగా కుమ్మరిస్తుంది.

నష్టమెవరిది? జొన్న పోయి పత్తి, మిరప వచ్చిన చేలలో కౌలుదారు తిండిగింజలు కొనుక్కోవాలి. పంట పోతే అప్పు అతనిదే. 2019 చట్టం ప్రకారం సాగు హక్కు పత్రానికి భూయజమాని అంగీకారం కావాలి. అది దొరకనివాడికి పరిహారం అందడం కష్టం.

వానను నందిగామ రైతు శాసించలేడు. నీటి పంపకాన్నీ, కౌలు చట్టాన్నీ మాత్రం ప్రజలు పోరాడి మార్చుకోగలరు.