కాంటను నగరపు కాలిబంతి జట్టు



చీనాదేశమునకు దక్షిణమున, ముత్యాల నది యొడ్డున, గ్వాంగ్‌జౌ అను మహానగరము కలదు. మన పెద్దలు దీనినే కాంటను అనుచుండిరి. ఆ నగరమున 1954 లో పుట్టి 2025 లో అంతరించిన యొక కాలిబంతి జట్టు చరిత్రను నేడు మీకు విన్నవింప దలచితిని. బంతియాటకు చరిత్ర యేమని కొందఱకు సందేహము కలుగవచ్చును. అప్పులు చేసి వైభవముగా బ్రతికిన జమీల కథలు మీరు వినియే యున్నారు. ఇదియు నట్టి కథయే. అయితే ఇందొక వింత కలదు. ఈ జట్టు ఓటములచే నశింపలేదు. దానికి విజయములు ఎక్కడనుండి వచ్చెనో నాశనమును అక్కడనుండియే వచ్చినది.

ఆరంభమున ఇది సర్కారు జట్టు. ఆటగాండ్రు ప్రభుత్వపు జీతగాండ్రు. 1993 లో బలవర్ధక పానీయములు చేయు నొక కంపెనీ పోషణభారము వహించి, ‘సూర్యదేవుడు’ అను తన పేరునే జట్టునకు తగిలించెను. 1994 లో చీనాయందు వృత్తిపరమైన పోటీలు మొదలుకాగా, కాంటను జట్టు తొలియేడే రెండవ స్థానము నందెను. పిమ్మట పదునైదేండ్ల కథలో విస్తరించి చెప్పదగినది స్వల్పము. యజమానులు మాఱిరి, జట్టు ఒకమాఱు క్రిందికి జారినది, మరల పైకెక్కినది.

ఈ యెక్కుట జారుట లనగా నేమో చెప్పవలెను. ఆ దేశపు జట్లను బడిపిల్లలవలె తరగతులుగా విభజించి యుందురు. పై తరగతిలో కడపట నిలిచిన జట్లు ఏటేట క్రింది తరగతికి దిగవలెను. క్రింది తరగతిలో ముందు నిలిచినవి పైకి పోవును. 2010 ఫిబ్రవరిలో కాంటను జట్టు ఆటలో ఓడి కాక, శిక్షవలన దిగజారినది. 2006 లో జరిగిన యొక పందెమున లంచముతో ఫలితము కొనిరని విచారణలో తేలినందున దానిని రెండవ తరగతికి దింపిరి. అట్టి అపకీర్తిలో నున్న జట్టును ఎవరు కొందురు? మఱునెలలోనే ఎవర్‌గ్రాండ్ అను ఇండ్ల వ్యాపారపు కంపెనీ 10 కోట్ల యువానులకు కొనెను.

ఆ కంపెనీ స్థాపకుడు షు జియాయిన్. హెనాన్ రాష్ట్రమున నొక పేదపల్లెలో 1958 లో పుట్టి, పసితనముననే తల్లిని గోల్పోయి, నాయనమ్మ పెంపకమున పెరిగినవాడు. ఉక్కు కర్మాగారమున పనిచేసి, 1996 లో కాంటనులో కంపెనీ పెట్టెను. 2017 నాటికి చీనాలోకెల్ల ధనవంతుడని ఎన్నికకెక్కెను. ఇతని వ్యాపారపు కీలకము తెలిసినగాని జట్టు కథ బోధపడదు. ఇల్లు కట్టకమునుపే కొనువారి వద్ద సొమ్ము పుచ్చుకొనుట, ఆ సొమ్ముతో వేఱొక చోట నేల కొనుట, ఆ నేలను చూపి అప్పు తెచ్చుట, ఆ యప్పుతో ఇంకొక యూర పునాదులు త్రవ్వుట. ఇండ్ల ధరలు పెరుగుచున్నంతకాలము ఈ చక్రము తిరుగును. అది తిరుగుటకు జనులకు కంపెనీ పేరుపై నమ్మకము కావలెను. దేశమంతట టెలివిజనులలో కనబడు ఆటగాండ్ర చొక్కాలపై తన పేరుండుటకన్న చౌకయైన ప్రకటన లేదని షు గ్రహించెను.

2010 లోనే జట్టు మొదటి తరగతికి తిరిగివచ్చినది. 2011 లో, వచ్చిన యేడే, దేశవిజేత యయ్యెను. ఆ యేటి కట్టడి వినుడు: పందెము గెలిచిన జట్టునకు 50 లక్షల యువానులు బహుమానము, సరిసమానమైన 10 లక్షలు, ఓడిన 30 లక్షలు జరిమానా. బడిపంతులు జీతముతో బ్రతికిన నాకు ఈ లెక్క చదువగా నవ్వు వచ్చినది. గెలిపించిన కొరియా శిక్షకుని 2012 మే నెలలో సాగనంపి, 2006 లో ఇటలీని ప్రపంచవిజేతగా నిలిపిన మార్చెల్లో లిప్పిని రప్పించిరి.

2013 నవంబరు 9 ఆ నగరమునకు పండుగదినము. ఆసియా ఖండపు విజేత నిర్ణయమునకు కొరియా రాజధానియగు సియోల్ జట్టుతో రెండు పందెములు, ఒకటి వారి యూర, ఒకటి వీరి యూర. అక్కడ 2-2, ఇక్కడ 1-1, మొత్తము సమానము. అయితే పరాయియూర వేసిన గోళ్లకు బరువెక్కువ యను నియమ మప్పు డుండెను. సియోల్‌లో వేసిన రెండు గోళ్లే కాంటనును గెలిపించెను. 2015 లో బ్రెజిలు శిక్షకుడు స్కోలారీ చేతిక్రింద మరల ఖండవిజేతలైరి. 2011 మొదలు 2017 వఱకు వరుసగా ఏడేండ్లు, మరల 2019 లో, మొత్తము ఎనిమిదిమాఱులు దేశవిజేతలు. టియన్‌హె మైదానమునకు పలు సంవత్సరములు సగటున 40 వేలకు పైగా జనులు వచ్చుచుండిరి.

ఇక లెక్కల పుస్తకము తెఱచి చూతము. 2014 లో ఆలీబాబా కంపెనీ 120 కోట్ల యువానులిచ్చి సగము వాటా కొనెను. 2015 లో జట్టు వాటాలు బహిరంగపు అమ్మకమునకు వచ్చుటచే ఆదాయవ్యయములు లోకమునకు తెలిసినవి. దేశవిజేతయు ఖండవిజేతయు నైన ఆ 2015 వ యేటనే జట్టు నష్టము 95 కోట్ల యువానులకు పైబడినది! టిక్కెట్ల వలనను ప్రకటనల వలనను వచ్చు సొమ్ము ఆ జీతములకు చాలదు. కొఱత నింపునది ఇండ్ల కంపెనీ. ఆ కంపెనీకి నింపునది అప్పు. ఈ లెక్క నాడే కనబడుచుండగా పోటీ జట్ల యజమానులు హెచ్చరిక పొందుటకు మాఱుగా పోటీపడి ధరలు పెంచిరి. 2017 లో, విదేశపు ఆటగాని వెల 4 కోట్ల 50 లక్షల యువానులు దాటినచో అంత మొత్తమును రుసుముగా కట్టవలెనని నియమము పెట్టవలసి వచ్చెను.

2020 ఏప్రిలులో, తామరపువ్వు ఆకారమున లక్షమంది కూర్చుండదగిన క్రీడాంగణమునకు 1,200 కోట్ల యువానుల యంచనాతో శంకుస్థాపన చేసిరి. నాలుగు నెలలు దాటినంతనే, మితిమీఱిన అప్పు గల ఇండ్ల కంపెనీలు క్రొత్త యప్పు చేయరాదని ప్రభుత్వము కట్టడి చేసెను. అప్పుతో అప్పు తీర్చు చక్రము ఆగినది. 2021 లో ఎవర్‌గ్రాండ్ అప్పులు 30 వేల కోట్ల డాలర్లకు మించెనని తేలి, ఆ డిసెంబరున వాయిదాలు తప్పెను. సొమ్ము కట్టి ఇండ్లు దొరకక లక్షలాది కుటుంబములు నిలిచిపోయినవి. వారి కష్టము ముందు బంతియాట గొడవ చిన్నదే, దానిని మఱువరాదు. తామరపువ్వు వికసింపనేలేదు. 2022 లో ఆ నేలను ప్రభుత్వమే వెనుకకు తీసికొనెను.

పేరున్న ఆటగాండ్రు వెడలిపోగా జట్టు 2022 లో రెండవ తరగతికి పడిపోయెను. కథ ఇక్కడ ముగిసిన నాకంత బాధ లేకుండెడిది. మిగిలినవారు ఎక్కువగా కుఱ్ఱవాండ్రు. వైభవకాలమున 2012 లో ఎవర్‌గ్రాండ్ వారు చింగ్‌యువాన్ పట్టణమున గొప్ప ఫుట్‌బాలు పాఠశాల నెలకొల్పిరి. ఖర్చుపెట్టిన దానిలో ఫలించినది, నా మట్టుకు, ఈ బడి యొకటే. చిన్న జీతముల మీద ఆడిన ఆ పిల్లలు 2024 లో రెండవ తరగతియందు మూడవ స్థానము నందిరి. పైకెక్కునవి మొదటి రెండు జట్లు మాత్రమే. ఇంకొక మెట్టు ఎక్కిన మరల పై తరగతి చేరెడివారు. కాని పాతయప్పు తీర్చినగాని మఱుసటి యేటి ఆటకు అనుమతి లేదు. ఆ యప్పు చేసిననాడు వారిలో పెక్కురు బడిలో బంతి తన్నుట నేర్చుకొనుచున్నవారు.

ఇట్టిది చీనాలో ఇదియొకటే కాదు. 2020 నవంబరున ఈ కాంటను జట్టునే ఓడించి దేశవిజేతయైన జియాంగ్సు జట్టు, మూడుమాసములు దాటినంతనే, పోషకుడైన సునింగ్ కంపెనీ చేయి విడువగా మూతపడెను. కాని కాంటను జట్టు వయస్సు ఏడుపదులు. అందు ఎవర్‌గ్రాండ్ ఏలుబడి పదునైదేండ్లైనను నిండలేదు. తండ్రి చేయి పట్టుకొని మైదానమునకు వెళ్లినవారు తమ బిడ్డలను తోడ్కొని వెళ్లిరి. జట్టును కొన్నప్పుడు గాని, దానిమీద అప్పు చేసినప్పుడు గాని వారి నడిగినవారు లేరు.

2023 సెప్టెంబరులో షు జియాయిన్ నిర్బంధములో పడెను. 2024 జనవరిలో హాంకాంగు న్యాయస్థానము కంపెనీని మూసి ఆస్తులమ్మవలసినదిగా ఆజ్ఞాపించెను. 2025 జనవరి 6 న జట్టువారు ఒక ప్రకటన వెలువరించిరి. పాతబాకీలు తీర్చుటకు సొమ్ము చాలలేదనియు, ఆడుటకు అనుమతి దొరకలేదనియు, అభిమానులు క్షమింపవలెననియు దాని తాత్పర్యము.