సూరత్ సమాధులు చూసిన సిపాయి

1711లో లండన్‌లో 50 కొత్త చర్చీలు కట్టాలని పార్లమెంటు చట్టం చేసింది. ఆ పని చూడటానికి వేసిన కమిషనర్లలో ఒకరు కొన్ని సూచనలు రాసిచ్చారు. చర్చీల్లో శవాలు పూడ్చడం మానండి, ఊరి వెలుపల చెట్లు నాటి అక్కడ సమాధులు కట్టనివ్వండి అన్నారు. సూరత్‌లో ఇంగ్లీషువాళ్లు అలాగే చేస్తున్నారని చెప్పి, ఆ సమాధుల బొమ్మ కూడా గీసి చూపించారు. సూరత్ అంటే గుజరాత్‌లోని మన సూరతే! ఆ సంగతి చదివాక రెండు రోజులు నాకు మరో ధ్యాస లేదు.

ఆ కమిషనరు జాన్ వాన్‌బ్రూ. ఇంగ్లండులో ప్రభువుల దివాణాలు కట్టినవాళ్లలో ఆయనది మొదటి వరుస. యార్క్‌షైర్‌లోని క్యాసిల్ హోవర్డ్, ఆక్స్‌ఫర్డ్ దగ్గరి బ్లెనిమ్ ప్యాలెస్ ఆయనవే. 1664లో పుట్టారు, చెస్టర్‌లో పెరిగారు. 19 ఏళ్ల వయసులో ఈస్టిండియా కంపెనీ కొలువులో సూరత్ వచ్చారు. జీవితచరిత్రలు రాసినవాళ్లకు కూడా చాలాకాలం ఈ ముక్క తెలియదు. అక్కడ ఆక్సెండెన్ సోదరుల సమాధి ఉంది. రెండంతస్తులు, స్తంభాలు, పైన గుమ్మటాలు. కింద పడుకున్నది ఇంగ్లీషువాళ్లు, పైన నిలిచింది మొగలాయీ పోకడ. కట్టడం బయలులో ఒంటరిగా నిలబడితే దానికి ఎంత ఠీవి వస్తుందో ఆ కుర్రవాడు అక్కడే గ్రహించాడని నా నమ్మకం.

ఇంగ్లండు తిరిగి వెళ్లి 1686లో సైన్యంలో చేరారు, కొద్ది నెలలకే మానుకున్నారు. 1688లో ఫ్రెంచివాళ్లు కలేలో పట్టుకుని నాలుగేళ్లకు పైగా బందీగా ఉంచారు. ఆఖరి మజిలీ బాస్టీల్ కోట. విడుదలయ్యాక మెరీన్ దళంలో కెప్టెన్ అయ్యారు. 1696లో నాటకం రాస్తే లండన్ విరగబడి చూసింది. 1699 వచ్చేసరికి కార్లైల్ ప్రభువుకు క్యాసిల్ హోవర్డ్ భవంతి నమూనా గీస్తున్నారు. అంతకుముందు ఆయన ఏదైనా కట్టిన దాఖలా లేదు. అసలా పనికి మొదట పిలిచింది పేరుమోసిన విలియమ్ టాల్‌మన్‌ను. ఆయనతో ప్రభువుకు పొసగలేదు.

అంత పని ఒంటిచేత్తో చేశారంటే అబద్ధం. క్రిస్టఫర్ రెన్ దగ్గర పని నేర్చిన నికలస్ హాక్స్‌మూర్ తోడున్నాడు. కొలతలు, రాతిపని తెలిసినవాడు ఆయనే. క్యాసిల్ హోవర్డ్ గుమ్మటాన్ని పొగిడేటప్పుడు ఆ పేరు కూడా తలుచుకోవడం న్యాయం. ఆ గుమ్మటం 1940లో మంటల్లో కూలిపోయింది. ఇప్పుడున్నది తర్వాత తిరిగి కట్టింది.

బ్లెనిమ్ కథ వేరు. 1704 యుద్ధంలో గెలిచిన మార్ల్‌బరో డ్యూక్‌కు రాణి ఆన్ వుడ్‌స్టాక్ ఎస్టేటు ఇచ్చింది. మరుసటి ఏడే పని మొదలైంది. డ్యూక్ భార్య సారాకు ఖర్చు కంటగింపు. ఆ ఎస్టేటులో పాత రాజుల నివాసం ఒకటి శిథిలమై ఉంది, కూల్చేయమంది ఆమె. 1709లో వాన్‌బ్రూ ఆమెకు ఉత్తరం రాశారు: పాత కట్టడాన్ని చూస్తే అక్కడ బతికిన మనుషులు, అక్కడ జరిగిన సంగతులు గుర్తుకొస్తాయి, చుట్టూ చెట్లు పెంచితే కొత్త భవంతిలోంచి చూడటానికి అందంగానూ ఉంటుంది. పాత గోడలను ఎందుకు కాపాడాలో అంత తేటగా చెప్పినవారు ఆ కాలంలో అరుదు. ఆమె వినలేదు. చివరికి ఆ శిథిలాలు నేలమట్టమయ్యాయి. బ్లెనిమ్ ఎంత గొప్పదైనా ఆ నష్టాన్ని పూడ్చలేదు.

ఆ తర్వాతి వందేళ్లను ఇక్కడ దాటేస్తాను. సిపాయిలు దివాణాలు కట్టడం మాత్రం ఆగలేదు, మన దేశానికీ వచ్చింది. కలకత్తాలో గవర్నర్ జనరల్ భవనాన్ని డెర్బీషైర్‌లోని కెడిల్‌స్టన్ హాల్ పోలికలో కట్టింది చార్లెస్ వయట్ అనే సైనిక ఇంజనీరు. బ్రిటిష్ రెసిడెంటు కిర్క్‌పాట్రిక్ కోసం హైదరాబాద్‌లో రెసిడెన్సీ కట్టిన సామ్యూల్ రస్సెల్ మద్రాసు ఇంజనీర్స్‌లో లెఫ్టినెంటు. ఆ కోఠీ పేరే ఇవాళ్టి కోఠి. అక్కడి కాలేజీలో చదివిన ఎన్ని వేలమంది ఆడపిల్లలు ఆ మెట్లెక్కారో!

మళ్లీ వాన్‌బ్రూ కథకు వస్తే, సారాతో గొడవ ముదిరి 1716లో వాన్‌బ్రూ బ్లెనిమ్ వదిలేశారు. 1725లో భార్యతో, కార్లైల్ కుటుంబంతో కలిసి చూడటానికి వెళ్తే ఆయనను లోపలికి రానివ్వవద్దని సారా ముందే ఆజ్ఞ పెట్టింది. తాను కట్టిన ఇంట్లో అడుగుపెట్టకుండానే తిరిగొచ్చారు. మరుసటి ఏడాది మార్చిలో కన్నుమూశారు.

వుడ్‌స్టాక్ శిథిలాలు ఇక లేవు. ఆక్సెండెన్ సోదరుల సమాధి మాత్రం సూరత్‌లో ఇంకా నిలిచి ఉంది. అటు వెళ్తే బట్టల బజారుతో ఆగిపోకండి, దాన్నీ ఒకసారి చూసి రండి.