నడవడానికో వంక

నలభై దాటితే మోకాళ్లు మాట్లాడటం మొదలుపెడతాయని మా అమ్మ అంటూంటే నవ్వేదాన్ని. ఇప్పుడు నావి ఏకంగా ఉపన్యాసాలే ఇస్తున్నాయి. హిందూపురంలో మా డాక్టరమ్మగారు మందులచీటీ చివర ఒక్క వాక్యం రాసి, దాని కింద గట్టిగా గీత గీశారు: రోజూ ముప్పావుగంట నడవాలి!

ఆ చీటీ ఇంటికి తెచ్చి చూపించానో లేదో, ఎంత మర్యాదనుకున్నారు! మావారు అలారం పెట్టారు. మా అబ్బాయి బూట్లు కొనుక్కొచ్చాడు. మా అత్తగారయితే, "కాఫీ సంగతి నేను చూసుకుంటాలే, నువ్వు వెళ్లిరామ్మా" అన్నారు. అయిదేళ్ల క్రితం ఇదే నడక గురించి, "పొద్దున్నే కాసేపు అలా నడిచొస్తాను, హాయిగా ఉంటుంది" అని నేనంటే, ఎక్కడికి, ఎందుకు, ఎవరితో అని మూడు ప్రశ్నలు లేచాయి. నేను మళ్లీ పడుకున్నాను. హాయి అన్నది జవాబు కాదన్నమాట. మోకాలి నొప్పయితే జవాబే!

ఇంత చిన్న సంగతి మీకు చెప్పడం దేనికంటారా? పోయిన నెల ఒక ఆదివారం పెనుకొండ కొండ ఎక్కుతూంటే, ఈ చీటీకి అయిదారువందల ఏళ్ల చరిత్ర ఉందని తెలిసివచ్చింది. అందుకని.

నాతో బి.ఏ. చదివిన స్నేహితురాలు పెనుకొండలో టీచరు. "మైదానంలో గుండ్రంగా తిరగడం కూడా ఒక నడకేనా? మా కొండెక్కుదువు గాని రా" అని పిలిచింది. తెల్లవారకముందే వెళ్లాను. గగనమహలు దగ్గర తనతోపాటు ఇంకో ఇద్దరు ఆడవాళ్లు నా కోసం కాచుకుని ఉన్నారు. ఒకావిడ ధర్మవరం నుంచి వచ్చిన మా స్నేహితురాలి పెద్దమ్మ కూతురు. యాభై అయిదేళ్ల మనిషి, పట్టుచీరలు నేసే ఇల్లు. రెండో ఆవిడ కొరియా దేశస్థురాలు!

కొరియా ఆవిడ పెనుకొండలో ఎందుకుందని ఆశ్చర్యపోకండి. 2017లో కియా మోటార్సు కంపెనీ మన రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుని, పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 536 ఎకరాల్లో కార్ల ఫ్యాక్టరీ కట్టింది. 2019లో కార్లు బయటికొచ్చాయి. ఏడాదికి మూడు లక్షల కార్లు తయారుచేసేలా కట్టిన ఫ్యాక్టరీ అది. వాటితోపాటు ఇంజనీర్లూ వచ్చారు, కొందరి వెనక భార్యలూ వచ్చారు. వేరుశనగ చేల పక్కన, హైవే పొడుగునా కొరియా అక్షరాల హోటలు బోర్డులు లేచాయి. ఈవిడ భర్తది కూడా ఆ కార్ల పనే. నెత్తిన టోపీ, చేతులకు తొడుగులు, రెండు చేతుల్లో రెండు కర్రలు, వీపున సంచీ... హిమాలయాలకు బయల్దేరినట్టుంది. నేనేమో చీర కుచ్చిళ్లు కాస్త పైకి దోపుకుని, కొత్త బూట్లతో నిలబడ్డాను. ధర్మవరం అక్క కాళ్లకు చెప్పులే లేవు.

భాష ఎలాగంటారా? కొంత ఇంగ్లీషు, కొంత చేతిసైగలు. మరీ చిక్కుపడినప్పుడు ఆవిడ ఫోనులో మాట్లాడితే అది తెలుగులో పలికేది. ముందుగా ఆవిడ అడిగిందేమిటో తెలుసా? మా వయసులు! వాళ్ల దేశంలో ఎవరు పెద్దో తేలితే గాని ఎవరిని ఎలా పిలవాలో తేలదట. ఆడవాళ్లు తమకన్నా పెద్దావిడను 'ఒన్నీ' అంటారట. మనం మాత్రం వరస తేల్చుకోకుండా మాట్లాడతామా? తల్లి వాళ్లకు 'ఒమ్మా', తండ్రి 'అప్పా'. హిందూపురం వాళ్లం, సగం కన్నడం వచ్చినవాళ్లం, 'అప్పా' అంటే మాకు వేరే చెప్పాలా! అయిదు నిమిషాల్లో ధర్మవరం ఆవిడ అందరికీ అక్కయిపోయింది.

కొండెక్కడం మొదలుపెట్టాం. కొరియాలో దాదాపు డెబ్భై శాతం కొండలేనట. సెలవొస్తే ముసలీముతకా కూడా కర్రలు పట్టుకుని కొండలకు పోతారట. 1977లో ప్రభుత్వం దేశమంతటికీ ఒక కసరత్తు వరస నిర్ణయించింది, బడిలో సంగీతం వేసి పిల్లలందరిచేతా ఒకేసారి చేయించేవారు అంటూ, ఆవిడ మెట్టు మీదే నిలబడి చేతులు ఊపి చూపించింది. పక్కనున్న మేకలు బెదిరాయి.

ఇలాంటప్పుడు మన దేశం తక్కువ తినిపోతుందా చెప్పండి? నేను చరిత్ర చదివినదాన్ని. పైగా నిలబడింది పెనుకొండలో, విజయనగర ప్రభువుల రెండో రాజధానిలో. 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత తిరుమలరాయలు తరలివచ్చింది ఇక్కడికే. అందుకని శ్రీకృష్ణదేవరాయల కసరత్తు చెప్పడం మొదలుపెట్టాను.

ఇది మన కవులు పొగిడింది కాదు, ఒక పరదేశి రాసి పెట్టిన సంగతి. డొమింగో పాయెస్ అనే పోర్చుగీసు ఆయన 1520 ప్రాంతంలో విజయనగరానికి వచ్చాడు. ఊరిని చూసి రోము నగరమంత ఉందన్నాడు. ఎంత దూరం పోయినా మనిషి తను చూసిన ఊరితోనే కొలుస్తాడు కదా! రాయలవారి దినచర్య కూడా రాశాడు. తెల్లవారకముందే అరలీటరుకు కాస్త తక్కువగా నువ్వులనూనె తాగేవారట. ఒళ్లంతా అదే నూనె పట్టించి, గోచీ బిగించి, మట్టితో చేసిన పెద్ద బరువులు ఎత్తేవారట. ఆ తర్వాత కత్తి సాము. పట్టించిన నూనె చెమటగా కారిపోయేదాకా! ఆ పైన ఒక మల్లుడితో కుస్తీ. అదీ అయ్యాక తెల్లారేదాకా గుర్రపు స్వారీ. స్నానం, పూజ, రాజ్యపాలన ఆ తర్వాతే.

"అది హంపీలోనే తల్లీ, పెనుకొండలో కాదు" అని మా టీచరమ్మ దిద్దింది. "మహారాజు ఎక్కడున్నా కసరత్తు మానతాడా?" అన్నాను నేను.

కొరియా ఆవిడ నోరు తెరిచింది. అక్క మాత్రం, "అంత నూనె తాగితే ఇంట్లో తాలింపుకు ఏముంటుందమ్మా?" అంది.

కుస్తీ మాట రాగానే కొరియా ఆవిడకు హుషారొచ్చింది. వాళ్లకూ 'సిరుం' అనే కుస్తీ ఉందట. ఇసుకలో గుండ్రటి బరి. నడుముకూ తొడకూ చుట్టిన గుడ్డను పట్టుకుని ఎదుటివాణ్ణి పడదోయాలి. మోకాలు గాని, ఆ పై భాగం గాని ముందు నేల తాకినవాడు ఓడినట్టు. గెలిచినవాడికి ఎద్దును బహుమతి ఇవ్వడం పాత ఆచారం. మన పల్లెల్లో వస్తాదుకు వెండికడియం తొడిగేవారు కదా, అలాగే. రెండు ముక్కలైపోయిన కొరియాలు రెండూ కలిసి, 2018లో ఈ సిరుంను యునెస్కో వారసత్వ జాబితాలో ఉమ్మడిగా చేర్పించుకున్నాయట. రాజకీయం విడదీసింది కుస్తీ కలిపిందని ఆవిడ నవ్వింది. ఆ నవ్వులో కాస్త దిగులు కూడా ఉందనిపించింది.

అప్పుడు ధర్మవరం అక్క ఒక బండ మీద కూలబడి అంది కదా, "అంతా మగోళ్ల కతే చెప్తాండారు. అప్పుడు ఆడోళ్లు ఏం చేస్తాండిరి?"

ఇద్దరం ఒక్క క్షణం తెల్లమొహం వేశాం.

ముందు నేనే తేరుకున్నాను. పాయెస్ తర్వాత, 1535 ప్రాంతంలో అచ్యుతరాయల కాలంలో, ఫెర్నావో నూనిజ్ అనే గుర్రాల వర్తకుడు కూడా విజయనగరం సంగతులు రాశాడు. రాజుగారి కొలువులో కుస్తీ పట్టే ఆడవాళ్లున్నారని అందులో ఉంది. అంతఃపురం ఖర్చుల లెక్కలు రాసేదీ ఆడవాళ్లే. రాజ్యం సంగతులు రాసి, బయటి లేఖకుల పుస్తకాలతో సరిచూసే స్త్రీలు కూడా ఉన్నారట. 1900లో రాబర్ట్ సూయెల్ ఈ రాతలన్నిటినీ ఇంగ్లీషులోకి తెచ్చిన పుస్తకం నేను కాలేజీలో చదివాను. ఆ వాక్యం దగ్గర ఆగిపోయాను కూడా. పరీక్షలో మాత్రం రాయల యుద్ధాలే అడిగారు.

"అది కోటలో సంగతి. ఇండ్లల్లో?" అంది అక్క. వదిలిపెట్టే మనిషి కాదు.

ఈసారి కొరియా ఆవిడ చెప్పింది. జొసన్ రాజుల కాలంలో, అంటే 1392 నుంచి 1910 దాకా, పెద్దింటి ఆడవాళ్లకు పగటిపూట గడప దాటడమే కష్టం. ఇంట్లో లోపలి వాకిలే వాళ్ల లోకం. అయినా ఐదో నెల ఐదో రోజున 'దానో' పండుగ వస్తే మటుకు చెట్లకు ఉయ్యాలలు కట్టేవారు. ఆడపిల్లలు వాటి మీద నిలబడి ఆకాశానికి ఊగేవారు. గడ్డికట్ట మీద పలక పెట్టి, చెరో కొసనా నిలబడి, ఒకరి తర్వాత ఒకరు పైకి ఎగిరే ఆట ఇంకొకటి. ఎగిరిన ఆ రెప్పపాటులో గోడ అవతల వీధి కనిపిస్తుందని, అందుకే ఆ ఆట పుట్టిందని వాళ్ల పెద్దలు చెప్పుకుంటారట.

నాకు ఒళ్లు జలదరించింది. మా అమ్మ కృష్ణాజిల్లా ఆడపడుచు. తన చిన్నప్పటి అట్లతద్దె కథలు ఎన్నిసార్లు చెప్పిందో! ముందురోజు గోరింటాకు, చుక్క ఉండగానే లేచి చద్దన్నం, గోంగూరపచ్చడి, ఆపైన ఉయ్యాలలు, ఆటలు. "ఏడాదికి ఆ ఒక్క రోజు చీకట్లో వీధిన పడి పరుగెత్తినా ఎవరూ ఏమీ అనేవారు కాదే" అనేది. మంచి మొగుడి కోసం చేసే నోము కదా, ఎవరేమంటారు! కొరియాలో పండుగ, మనకు నోము. వంక వేరు, ఉయ్యాల ఒకటే.

ఆవిడే మరో మాట కూడా చెప్పింది. పూర్వం సియోల్ నగరంలో రాత్రి ఎనిమిదింటికి పెద్ద గంట కొట్టేవారట. మగవాళ్లు ఇళ్లకు చేరాలి, ఆడవాళ్లు వీధుల్లోకి రావచ్చు! ఈ సంగతి ఎక్కడో చదివానే అనుకున్నాను. ఇసబెల్లా బర్డ్ అనే ఇంగ్లీషావిడ 1894లో కొరియా వెళ్లి, ఈ గంట గురించి తన పుస్తకంలో రాసింది. అప్పటికి ఆవిడకు అరవై రెండేళ్లు. మరి ఆవిడ ఇల్లు దాటింది ఎలాగనుకున్నారు? చిన్నతనం నుంచీ వెన్నునొప్పి. గాలి మార్పు కావాలన్నారు డాక్టర్లు. మతగురువైన తండ్రి చేతిలో వంద పౌన్లు పెట్టి 1854లో అమెరికా పంపాడు. ఇంట్లో ఉంటే మంచమే. ఓడెక్కితే మాత్రం అన్ని నొప్పులూ మాయం! 1873లో రాకీ పర్వతాల్లో గుర్రం మీద మగవాడిలా కూర్చుని తిరిగి, పద్నాలుగువేల అడుగుల శిఖరం ఎక్కింది. 1892లో లండన్ రాయల్ జాగ్రఫికల్ సొసైటీ వారు ఆడవాళ్లను సభ్యులుగా తీసుకున్నప్పుడు మొదట చేరినవారిలో ఆవిడ ఉంది. అంతటి యాత్రికురాలికీ మొదట కావలసివచ్చింది డాక్టరు చీటీయే! నా చేతిసంచిలోని చీటీ గుర్తొచ్చి నవ్వొచ్చింది.

"మాకు మగ్గమే కసరత్తు అంటారమ్మా అందరూ" అంది అక్క లేస్తూ. "పొద్దుగాల గుంటలో కూర్చుంటే రాత్రిదాంక. కాళ్లు తొక్కుతానే ఉండాల, చేతులు ఆడతానే ఉండాల. ఇంక నడిచేది ఎందుకంటారు. కానీ నా నడుము నాకు తెలుసు." గుంట మగ్గం దగ్గర వంగి కూర్చున్నది పనేగాని ఒంటికి విరామం కాదు. పనిచేసే ఒంటికి పనికాని కదలిక వేరే కావాలి. రోజంతా వంటింట్లో నిలబడే మనం కూడా, 'ఇంటిపనికి మించిన వ్యాయామం ఏముంది' అనే మాట వినీ వినీ అరిగిపోయాం. కొరియాలో పండుగ వంటలతో కోడళ్లకు వచ్చే నొప్పులకు 'పండుగ జబ్బు' అని ఒక పేరే పెట్టారట. మనకు జబ్బుంది గాని, పేరు పెట్టలేదు.

"మరి నువ్వెలా వచ్చావక్కా?" అని అడిగాను. "నరసింహస్వామికి మొక్కుందని చెప్పినా" అంది.

కొండ మీద స్వామి దర్శనం చేసుకుని గాలికి కూర్చున్నాం. కింద ఊరు, పొలాలు, దూరంగా హైవే. మాటల్లో కొరియా ఆవిడ జాంగ్ మీరాన్ గురించి చెప్పింది. 2008 బీజింగ్ ఒలింపిక్సులో 326 కిలోలు ఎత్తి బంగారు పతకం గెలిచిన మహిళ. ఆ దేశంలో ఉపమంత్రి కూడా అయిందట. నేను ఊరుకుంటానా? మన శ్రీకాకుళం జిల్లా ఆముదాలవలస కరణం మల్లీశ్వరి పేరెత్తాను. ఒలింపిక్సులో ఆడవాళ్లకు బరువులెత్తే పోటీ మొట్టమొదట పెట్టింది 2000లో సిడ్నీలోనే. అక్కడే మల్లీశ్వరి 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ స్త్రీ ఆవిడే. ఆధునిక ఒలింపిక్సు 1896లో మొదలయితే, ఆడవాళ్లను రానిచ్చింది 1900లో. చేతికి బరువు ఇవ్వడానికి ఇంకో వందేళ్లు పట్టింది! నీళ్లబిందెలు ఎత్తేటప్పుడు మాత్రం ఎవరికీ అభ్యంతరం లేకపోయింది.

దిగేటప్పుడు అక్క కొరియా ఆవిడ కర్రల్లో ఒకటి అడిగి తీసుకుంది. సగం దారిలో నెమ్మదిగా అంది: "వచ్చే ఆదివారం కూడా వస్తాను. ఏ మొక్కని చెప్పాలో మరి."

"మొక్కు లేదని చెప్పక్కా. ఊరికే వస్తున్నానని చెప్పు" అన్నాను.

అనడం తేలికే. ఇంటికొచ్చాక ఆ సలహా నాకే తగిలింది. మర్నాడు పొద్దున్నే బూట్లు తొడుక్కుంటూంటే మా అత్తగారు, "మోకాలు ఇంకా నొప్పిగానే ఉందా అమ్మా?" అని ఆదుర్దాగా అడిగారు. నిజానికి ఆ రోజు నొప్పి లేదు. ఉందని చెబితే ఏ గొడవా లేదు. "లేదత్తయ్యా. హాయిగా ఉంటుందని వెళుతున్నాను" అన్నాను.

ఆవిడ ఒక్క నిమిషం నా వంక చూశారు. తర్వాత, "గుడిదాకానే అయితే నేనూ రానా?" అన్నారు.

డెబ్భై ఆరేళ్ల మనిషికి గుడి వంక! పోనీలెండి, ముందు గడప దాటనివ్వండి. గుడి దాటి ఇంకో నాలుగడుగులు ఎలా వేయించాలో నేను చూసుకుంటాను.