వ్యవసాయ పట్టాలో సామాన్య విద్య: రాజేంద్రనగర్ విశ్వవిద్యాలయంలో పర్యవేక్షణ

విశ్వవిద్యాలయంలో ఏ పట్టా కోసం చేరినా విద్యార్థి తన ప్రధాన శాస్త్రంతో పాటు భాష, గణితం, పర్యావరణం, సమాజం, నైతిక విలువలు, వ్యాయామం వంటివి కొన్ని తప్పనిసరిగా చదవాలి. వీటినే సామాన్య విద్యాంశాలు అంటారు. ఇవి ఎన్ని ఉండాలి, ఎవరు చెప్పాలి, విద్యార్థి పూర్తిచేశాడని ఎవరు ధ్రువపరచాలి అన్నవన్నీ పర్యవేక్షణ కిందికి వస్తాయి. హైదరాబాద్ నుంచి శంషాబాద్ వైపు వెళ్లే దారిలోని రాజేంద్రనగర్‌లో ఉన్న ప్రొఫెసర్ జయశంకర్ తెలంగాణ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఈ విషయాన్ని పరిశీలించడానికి అనువైన చోటు. ఇక్కడ చదువంతా పొలం చుట్టూ తిరుగుతుంది. అయినా మట్టి, విత్తనం, తెగులు తెలిసినంత మాత్రాన పట్టా రాదు.

ఈ ఆలోచనకు మూలాలు పాతవి. అమెరికాలో 1862 నాటి మోరిల్ చట్టం వ్యవసాయ కళాశాలలకు భూములిచ్చినప్పుడే శ్రామిక వర్గాల పిల్లలకు వృత్తి విద్యతో పాటు ఉదార విద్య కూడా అందాలని చెప్పింది. మన దేశంలో 1948–49 నాటి విశ్వవిద్యాలయ విద్యా కమిషన్ సామాన్య విద్యనూ గ్రామీణ విశ్వవిద్యాలయాలనూ కలిపి సిఫారసు చేసింది. దాని అధ్యక్షుడు సర్వేపల్లి రాధాకృష్ణన్. 1963 నాటి చట్టంతో 1964 జూన్ 12న ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం అమెరికా నమూనాను అనుసరించింది. కాన్సాస్ స్టేట్ విశ్వవిద్యాలయం అందుకు తోడ్పడింది. 1996లో అది ఆచార్య ఎన్.జి.రంగా పేరు పెట్టుకుంది. 2014లో రాష్ట్ర విభజన తర్వాత రాజేంద్రనగర్ ప్రాంగణం జయశంకర్ పేరిట తెలంగాణ వ్యవసాయ విశ్వవిద్యాలయమైంది.

నాలుగేళ్ల బీఎస్సీ ఆనర్స్ వ్యవసాయ కోర్సులో 2024–25కు ముందు చేరినవారికి భారత వ్యవసాయ పరిశోధన మండలి ఐదవ డీన్ల కమిటీ నిర్దేశించిన సామాన్య విద్యాంశాలను చూస్తే వాటి వెనుక ఉన్న ఆలోచన తెలుస్తుంది. ఇంగ్లీషు అవగాహన, సంభాషణ నైపుణ్యాలకు రెండు క్రెడిట్లు: వారానికి ఒక గంట పాఠం, ఒక ప్రాక్టికల్. గ్రామీణ సామాజిక శాస్త్రం, విద్యా మనస్తత్వ శాస్త్రం కలిపి మరో రెండు. పర్యావరణ అధ్యయనం, విపత్తు నిర్వహణకు మూడు. మానవ విలువలు, నైతికతకు ఒకటి. వ్యవసాయ వారసత్వానికి ఒకటి. వీటితో పాటు ఎన్‌ఎస్‌ఎస్ లేదా ఎన్‌సీసీ, వ్యాయామం, యోగా. ప్రాథమిక గణితం ఇంకా ఆసక్తికరం. ఇంటర్‌లో జీవశాస్త్రం చదివి వచ్చినవారికి గణితం, గణితం చదివి వచ్చినవారికి జీవశాస్త్రం చెప్పాలన్నది నియమం. మన దగ్గర ఈ కోర్సులో చేరేవారు ప్రధానంగా బైపీసీ పిల్లలు. పదో తరగతితో లెక్కలు వదిలేసిన పిల్లవాడు ఇక్కడ మళ్లీ సరళరేఖలు, అవకలనం, మాత్రికలు పట్టుకోవాలి. అవి రాకపోతే తర్వాత వచ్చే గణాంకశాస్త్రం, వ్యవసాయ అర్థశాస్త్రం బట్టీ చదువులవుతాయి.

పర్యావరణ పాఠం ఒక్క వ్యవసాయానికే కాదు, అన్ని కోర్సుల్లోకీ వచ్చింది. పర్యావరణ విద్యను అన్ని స్థాయిల్లో తప్పనిసరి చేయాలని ఎం.సి.మెహతా కేసులో సుప్రీంకోర్టు 1991లో ఆదేశించడం దీనికి కారణం. రాజేంద్రనగర్‌లో ఈ పాఠం చెప్పడానికి పుస్తకం ఒక్కటే ఆధారం కానక్కరలేదు. 1908లో మూసీ వరద హైదరాబాద్‌ను ముంచెత్తింది. ఆ తర్వాత నగర రక్షణకూ తాగునీటికీ కట్టినవే ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్. 1927లో పూర్తయిన హిమాయత్ సాగర్ ప్రాంగణానికి దగ్గరలోనే ఉంది. పరీవాహకంలో కట్టడాల నియంత్రణకు తెచ్చిన ప్రభుత్వ ఉత్తర్వు జీవో 111 కూడా ఈ జలాశయాల కోసం వచ్చిందే. విపత్తు నిర్వహణ ప్రాక్టికల్‌ను గదిలో ముగించేస్తే ఇంత దగ్గరి ఆధారాన్ని వృథా చేసినట్టే.

పర్యవేక్షణ అధికారం ఒకే చోట లేదు. రాజ్యాంగం ఏడవ షెడ్యూల్‌లోని రాష్ట్ర జాబితాలో 14వ అంశం ప్రకారం వ్యవసాయ విద్య రాష్ట్రానిది. ఉన్నత విద్యా ప్రమాణాల సమన్వయం మాత్రం కేంద్ర జాబితాలో ఉంది. అందువల్ల భారత వ్యవసాయ పరిశోధన మండలి తన డీన్ల కమిటీ ద్వారా పాఠ్యప్రణాళికను సిఫారసు చేస్తుంది, గుర్తింపునూ నిధులనూ దానితో ముడిపెడుతుంది. ఆమోదించాల్సింది విశ్వవిద్యాలయ అకడమిక్ కౌన్సిలే. పశువైద్యం సంగతి వేరు. 2005 దాకా రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల కూడా ఈ విశ్వవిద్యాలయంలో భాగమే. అక్కడ 1984 చట్టం కింద ఏర్పడిన వెటర్నరీ కౌన్సిల్ చెప్పిన కనీస ప్రమాణాలు సిఫారసులు కావు, కట్టుబాట్లు.

అకడమిక్ కౌన్సిల్ ఆమోదించాక అమలు భారం వ్యవసాయ డీన్ మీద, ఒక్కో కళాశాలలో అసోసియేట్ డీన్ మీద పడుతుంది. రాజేంద్రనగర్‌తో పాటు జగిత్యాల, అశ్వారావుపేట, పాలెం, వరంగల్ వంటి చోట్ల ఉన్న కళాశాలలకు ప్రణాళిక ఒక్కటే. గణితం గణాంక విభాగం చేతిలో, సామాజిక శాస్త్రం విస్తరణ విభాగం చేతిలో ఉంటాయి. సెమిస్టర్ మొదట్లో విద్యార్థి కోర్సుల రిజిస్ట్రేషన్‌ను సరిచూసే అడ్వైజరే ఈ వ్యవస్థలో విద్యార్థికి అందరికంటే దగ్గరి మనిషి.

ఈ ఏర్పాటులో పెద్ద లోపం ‘నాన్ గ్రేడియల్’ కోర్సులది. విలువలు, వ్యాయామం, ఎన్‌ఎస్‌ఎస్ వంటివి పూర్తిచేయకపోతే పట్టా రాదు. కానీ వాటి మార్కులు మొత్తం గ్రేడు సగటు అయిన ఓజీపీఏలో కలవవు. ఉద్యోగానికీ పీజీ సీటుకూ ఓజీపీఏనే చూస్తారు కాబట్టి విద్యార్థి వాటిని తేలిగ్గా తీసుకోవడం సహజం. అతణ్ని తప్పుపట్టి లాభం లేదు. ఏ విభాగానికీ సొంతం కాని కోర్సుకు బాధ్యుడైన ఉపాధ్యాయుణ్ని నియమించి, హాజరును కాక చేసిన పనిని చూసి ‘సంతృప్తికరం’ అని రాయించడమే సరైన పర్యవేక్షణ.

సామాన్య విద్య ఎంత వంటబట్టిందో తేలేది చివరి ఏట, విద్యార్థులు ‘రావే’ అని పిలుచుకునే గ్రామీణ అనుభవ కార్యక్రమంలో. 20 వారాల ఈ సెమిస్టర్‌లో 8 వారాలు ఊళ్లోనే ఉండాలి. మొదటి ఏడాది చదివిన సామాజిక శాస్త్రం అక్కడ అక్కరకొస్తుంది. కౌలుదారు ఎవరో, భూమి ఎవరి పేరిట ఉందో, కలుపు తీసే ఆడవాళ్ల కూలి ఎంతో అడగడం రాని వాడు ఎరువు మోతాదు ఎంత కచ్చితంగా చెప్పినా రైతు వినడు.

జాతీయ విద్యావిధానం 2020కి అనుగుణంగా వచ్చిన ఆరవ డీన్ల కమిటీ ప్రణాళిక 2024–25 నుంచి ఈ చట్రాన్ని మార్చింది. చేరగానే ‘దీక్షారంభ్’ అనే పరిచయ కార్యక్రమం ఉంటుంది. నైపుణ్య కోర్సులు మొదటి ఏడాదిలోకే వచ్చాయి. ఆన్‌లైన్ కోర్సులకు పది క్రెడిట్లు కేటాయించారు. ఏడాది చదివి సర్టిఫికెట్‌తో, రెండేళ్లు చదివి డిప్లొమాతో బయటికి వెళ్లే వీలు కల్పించారు. ఏడాదికే వెళ్లిపోయే పిల్లవాడికి రావే ఉండదు. కాబట్టి ఊరినీ మనుషులనూ అర్థం చేసుకునే పాఠాలు అతనికి ఆ ఏడాదిలోనే, నిజమైన ప్రాక్టికల్స్‌తో అందేలా చూడటం ఇప్పుడు అకడమిక్ కౌన్సిల్ ముందున్న ముఖ్యమైన పని.